పసుపు అరికాళ్లు

ఇప్పుడు నేను సిరిసిల్లల ఉంటున్న. ఇంటికి అటుదిక్కు సాంచాలు, ఇటుదిక్కు సాంచాలు. మరమగ్గాలను మేం సాంచాలనే అంటం. పొద్దంత టకటకమంటనే ఉంటయి. పెండ్లయి అచ్చిన కొత్తల ఆ చప్పుడుకు తలకాయ పలిగిపోయేది. ఇప్పుడు కరెంటు పోయి సాంచాలు ఆగితేనే ఏదో పోగొట్టుకున్నట్టయితది. ఈ ఊర్ల గుడ్డ సంగతే గని పసుపు సంగతి ఎవరు మాట్లాడరు. గని శివరాత్రి ముందటెనుక కోరుట్ల దిక్కు నుంచి అచ్చే బస్సెక్కితే, ఎవరో ఒకల సంచిల నుంచి పచ్చి పసుపు వాసన గుప్పుమంటది. ఇగ అయిపాయె. బస్సు దిగేదాక నాకు మా అవ్వనే యాదికస్తది.

అవ్వంటే నన్ను కన్నతల్లే. మా వాడల తోటి పిల్లలు అమ్మ, మమ్మీ అని పిలుస్తుంటే నేను మాత్రం అవ్వా అనే పిలిచిన. ఆమెకు గట్లనే ఇష్టం.

మాది జగిత్యాల. మాకు గుంట జాగ లేదు. మా తాతల కాలం నుంచి ఒకల చేన్లల్ల పనిచేసుకొని బతికిన ఇల్లు మాది. యేసుప్రభువును నమ్ముకున్నది కూడ మా తాతల కాలంలనే. అవ్వ ఏ కాలానికి ఆ పని చేసేది. నాట్లేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది. చలి తగ్గినంక ఎండలు ముదిరెదాక ఇగ పసుపు పనే. పొద్దుగాల ఆటోల కిక్కిరిసి పోయేటోళ్లు, పొద్దుగూకినంక గట్లనే అచ్చేటోళ్లు. నన్ను మాత్రం ఒక్కనాడు చేనుకు రానియ్యలే. సెలవులల్ల నేనూ అస్త అంటే గుడ్లురిమి, "నువ్వు పుస్తకం పట్టుకో, గదే నాకు పని చేసినట్టు" అనేది.

పసుపు పని చేసినోళ్ల చేతులు, కాళ్లు పచ్చగయితయి. కడిగితే పోయే పచ్చదనం కాదది. మా అవ్వ మడిమెలు పగిలి ఉండేటియి, ఆ పగుళ్లల్లకు దిగి కూసునేది. చిన్నప్పుడు నేను అవ్వ కాళ్లు పచ్చగనే పుట్టినయనుకున్న.

ఇగ మా చర్చి సంగతి. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం నాడు అందరు చెప్పులిడిసి, వరుస వరుస ముందుకు పోయి మోకరిస్తరు. ఎనుక కూసున్నోళ్లకు ముందటోళ్ల మొకాలు కనవడయి. అరికాళ్లు కనవడుతయి. ఒక ఆదివారం మా అవ్వ గట్ల మోకరించి లేచి అచ్చేవరకు, స్త్రీల సమాజం పెద్ద ఎదురొచ్చింది. మేం ఆమెను పెద్దమ్మా అని పిలిచేటోళ్లం. ఆమె భర్త సర్కారు నౌకరి చేసి రిటైరయిండు. ఆమె పట్నంలనే పుట్టి పట్నంలనే పెరిగిన మనిషి, చేను మొకం ఎరుగది.

"ఏందమ్మా ఇది? రక్షణ పొందినదానివి కాళ్లకు పసుపు పెట్టుకొని దేవుని బల్ల కాడికి అస్తవా? ఏ పండుగ చేసుకున్నవే ఇంట్ల?" అన్నది. అందరు వినంగనే అన్నది.

మా దాంట్ల ఆడోళ్లు పసుపు పెట్టుకోరు, బొట్టు పెట్టుకోరు. ఆ పెద్దమ్మకు పచ్చటి కాళ్లు కనవడంగనే పూజనే యాదికొచ్చింది గని పని యాదికి రాలే.  మా అవ్వ చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి గుంజుకొని, చాప మీద ఆఖరుకు పోయి కూసున్నది. నేను ఇంటికచ్చి ఒక్క తీర్గ లొల్లి చేసిన. "పని చేసిన పసుపని చెప్పద్దానే? నోరు లేదా నీకు?"

"చెప్పితే మాత్రం ఏమైతది బిడ్డా? అందరు కాళ్ల దిక్కే చూసిన్రు. ఈ పచ్చ పోయినంక అస్త తియ్" అన్నది.

పచ్చ పోయింది. అవ్వ పోలే. వానలు పడ్డయి, నాట్లయినయి, క్రిస్మస్ కూడ అచ్చి పోయింది. "మళ్ల పసుపు పనే గదా, మళ్ల గదే మాట గదా" అని ఇంటికాన్నే ఉండిపోయింది. గని ఆదివారం పొద్దున తలకు పోసుకొనేది. ఇస్త్రీ లేని తెల్లచీర కట్టుకొని గడప మీద కూసునేది. మా ఇంటికి చర్చి మైకు ఇనవడుతది. పాట అందుకోంగనే అవ్వ పెదవులు కదిలేటియి, గొంతు మాత్రం బయటికి రాకపోయేది. నేను ఇంటికి రాంగనే, "ఇయ్యాల్ల బల్ల కాడ ఎందరు మోకరించిన్రే?" అని అడిగేది. నాకు ఏడుపచ్చేది. అవ్వ మళ్ల ఆ వరుసల మోకరించాలె, నాకు గా ఒక్కటే కోరిక. డిగ్రీ పాసు గావాలని కూడ అంత గట్టిగ ప్రార్థన చెయ్యలే నేను.

పెద్దమ్మ మొకం చూస్తే మాత్రం కడుపుల మండేది. "వందనాలు పెద్దమ్మా" అని పండ్లు కొరుక్కుంట చెప్పేదాన్ని. ఆమె చెడ్డ మనిషేం కాదు, గది కూడ చెప్పాలె. ఎవలకు జెరమొచ్చినా గంజి కాసుకొని ముందుగాల పోయేది ఆమెనే. గని నోటికి తాళం లేదు.

మళ్ల పసుపు కాలమే అచ్చింది. మా చర్చి పాస్టరు, మేం అయ్యగారు అనేటాయన, కోరుట్ల అవుతల ఒక ఊర్లె సువార్త కూడికలు పెడ్తున్నమని చెప్పిండు. అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు, పెద్దమ్మ, ఇంకొందరు ఆడోళ్లు, పాటలు పాడేటందుకు నేను. పెద్దమ్మ అస్తదంటే నేను పోనని మొండికేసిన. అవ్వ నా బ్యాగుల రొట్టెలు, తొక్కు సర్దుకుంట, "పో బిడ్డా. ఆమెకు బీపీ ఉన్నది, ఏళకు గోలి ఏసుకుంటదో లేదో జర చూడు" అన్నది. నేను నెత్తి కొట్టుకున్న.

పోయి చూస్తే ఏమున్నది! షామియానా ఏసిండ్రు, కుర్చీలేసిండ్రు, మైకు పెట్టిండ్రు. మనుషులే లేరు. షామియానా ఎప్పుడు దొరుకుతదో, పిల్లలకు సెలవులు ఎప్పుడో అన్ని చూసి తారీఖు పెట్టిన్రు గని, ఊరంత పసుపు చేన్లల్ల ఉంటదన్న సోయి ఒక్కలకు లేదు. మేకలు మాత్రం అచ్చి కుర్చీల కింద పండుకున్నయి. ఒక ముసలాయన అచ్చి చాయ పోస్తరా అని అడిగిండు. "పసుపు కాలంల ఎవడన్న మీటింగు పెడ్తడా అయ్యగారూ?" అని నేను అంటనే ఉన్న. అయ్యగారు నవ్వుకుంట, "నువ్వు ముందుగాల చెప్పద్దా మరి?" అన్నడు. గది కూడ నిజమే.

ఆడోళ్లం దిగింది ఒక రైతక్క ఇంట్ల. ఆమె హిందువులామె. భర్త, అయ్యగారు కోరుట్లల ఒక్కకాడ చదువుకున్నరట. ఆ భర్త చచ్చిపోయిండు, చేను ఆమెనే చేసుకుంటున్నది. మేం ఆమెను చేనక్క అనేటోళ్లం. పొద్దుగూకంగ ఇంటికచ్చి, కాళ్లు బార్లజాపి కూసొని, మా అమ్మగారితోని అన్నది.

"ఏమనుకోకుండ్రి అమ్మా. మీటింగుకు రావాల్ననే ఉన్నది. పసుపు ఉడకబెట్టే మిషిని ఎల్లుండి నా చేన్లకు అస్తది. ఒకల ఎనుక ఒకలకు వంతు. ఆ యాళ్లకు ఏరుడు ఒడువకపోతే మిషిని ముంగటికి పోతది, మళ్ల ఎన్నటికో. మొగులు చూస్తే వానొచ్చేటట్టున్నది. నా బాధ నాది."

అమ్మగారు ఆమె కాళ్ల దిక్కు చూసింది. తర్వాత మా దిక్కు తిరిగి, "మనుషులు చేన్లున్నరు, మనం షామియానా కిందున్నం. పొద్దుగాల చేనుకే పోదాం" అన్నది. అందరం తలకాయ ఊపినం. పెద్దమ్మ ఊపలే. "నేను కూడికలకచ్చిన, కూలికి రాలే. మైకుకు కావలి నేనుంట" అన్నది. కూలి అన్న మాట నాకు సుర్రుమన్నది గని మింగిన.

తెల్లారి చేన్ల దిగినం. నాగలితోని తిరగేసిన గడ్డలు మట్టితోని ఉంటయి. వాటిని దులిపి, తల్లి దుంప కాంచి కొమ్ములు ఇరిచి కుప్పలెయ్యాలె. చెప్తే ఇంతే పని. చేస్తే తెలుస్తది. ఇరిచినప్పుడల్ల పచ్చి పసుపు రసం చేతికంటుతది. గొంతుకూసున్న, తొడలు గుంజినయి. సక్కలముక్కలు ఏసుకొని కూసున్న, నడుము పట్టేసింది. ఆఖరుకు మోకాళ్ల మీద పడ్డ. జర నయమనిపించింది. తలకాయెత్తి చూస్తే వరుసల ఉన్న ఆడోళ్లందరు మోకాళ్ల మీదనే ఉన్నరు.

గప్పుడు నాకు సమజయింది. అవ్వ మోకరించుడు బంద్ చేసిందని నేను ఏడాది పొడుగున ఏడ్చిన. ఆమె ఒక్క దినం బంద్ చెయ్యలే. నేను చర్చిల గంటసేపు మోకాళ్ల మీదుంటే గొప్ప, ఆమె పొద్దంత గట్లనే ఉన్నది, నా పుస్తకాల కోసం. గడ్డ దులిపినప్పుడల్ల నాకు లోపల స్తోత్రం అనే మాట దానంతట అదే అచ్చుడు వెట్టింది. కండ్లకు నీళ్లచ్చినయి, తుడుచుకుంటే పసుపు తాకి ఇంకింత మండినయి. చేనక్క చూసి, "కొత్తోళ్లు అందరు ఏడుస్తరు తియ్" అని నవ్వింది.

అయ్యగారు ప్రార్థన చేద్దామన్నడు. మేం చేతులు కట్టుకోబోతే, "చేతులు ఆపకుండ్రి, కండ్లు మూయకుండ్రి, మీరు ఇరుస్తనే ఉండుండ్రి" అని తాను కూడ గడ్డ దులుపుకుంటనే ప్రార్థన చేసిండు. అంత పొట్టి ప్రార్థన ఆయన నోటెంబడి ముందెన్నడు ఇనలే, ఎనుక ఇనలే. నాకు మస్తు నచ్చింది.

గంతల ఊర్ల నుంచి మైకు ఇనవడ్డది. పెద్దమ్మ! ఒక్కతే, ఖాళీ కుర్చీలకు పాట పాడుతున్నది. చేన్ల ఆడోళ్లు పకపక నవ్విన్రు. నేనూ నవ్విన. తర్వాత నవ్వు ఆగింది. దూరం నుంచి మైకుల పాట ఇనుడంటే ఎట్లుంటదో, గడప మీద కూసున్న మా అవ్వకు ఎట్లుంటదో ఎరుకయింది. నేను గట్టిగ అందుకున్న. మా ఆడోళ్లు అందుకున్నరు. గాలికి మా పాట ఊర్లకు పోయినట్టున్నది, మైకు ఆగిపోయింది. ఇంకొంచెంసేపటికి పెద్దమ్మ గొడుగు పట్టుకొని గట్టు మీద నడిచొచ్చింది.

"నేనొక్కదాన్ని మేకలకు పాడాల్నా? జరుగుండ్రి" అని నా పక్కకే కూసున్నది. చెప్పులు మట్టిల ఇరుక్కుంటున్నయని తీసి గట్టు మీద పెట్టింది.

మిషిని వంతుకు ఏరుడు ఒడిసింది. ఉడకబెట్టిన పసుపును కల్లంల పోస్తే పొగలు అస్తయి. అది జర సల్లారంగనే కాళ్లతోని తోసుకుంట పల్చగ పరువాలె. పెద్దమ్మ చీర ఎగజెక్కి మా అందరికంటె ముందు నడిచింది. ఆమెకు ఏ పని చేసినా తానే ముందుండాలె. పరుసుడయినంక అందరం గట్టు మీద కూసొని కాళ్లు చూసుకున్నం. అయ్యగారియి, అమ్మగారియి, నావి, పెద్దమ్మయి. ఒక్కటే పచ్చ.

చేనక్క తన కాళ్లు చూసుకొని నవ్వింది. "మొగడు పోయినదాన్ని, పండుగ నాడు నాకు ఎవలు పసుపు పెట్టరు. మీరేమో పెట్టుకోరాయె. చేను మాత్రం అందర్కి నిండ పెట్టింది" అన్నది.

అందరు నవ్విన్రు. పెద్దమ్మ నవ్వలే. తన పాదాల దిక్కే చూసుకుంట కూసున్నది. ఏళయిందని నేను గోలి, నీళ్లు ఇచ్చిన. "నీకెట్ల ఎరుక?" అని అడిగింది. "మా అవ్వ చెప్పింది" అన్న. ఆమె గోలి మింగి, నీళ్ల గ్లాసు చేతులనే పట్టుకొని మళ్ల తన పాదాల దిక్కు చూసుకున్నది. 

శనివారం జగిత్యాల చేరినం. నేను కాళ్లు జాపుకొని జరిగిందంత చెప్తుంటే, అవ్వ నా అరికాళ్లు ఒళ్లె పెట్టుకొని ముట్టి ముట్టి చూసింది. కోపమచ్చిందో, సంతోషమయిందో నాకు తెల్వలే. "నిన్ను రానియ్యకుంట ఇన్నేండ్లు ఆపుకున్న గదనే" అన్నది. కండ్లల్ల నీళ్లున్నయి.

పొద్దుగూకంగ వాకిట్ల చప్పుడయితే చూసిన. పెద్దమ్మ! అంత ఎండ కాలంల కాళ్లకు సాక్సులు తొడుక్కొని అచ్చింది. ఆమె మా గడప తొక్కింది గదే మొదలు. కుర్చీల కూసొని, నా దిక్కు చూసి, మా అవ్వ దిక్కు చూసి, మెల్లగ సాక్సులు ఇప్పింది.

"సబ్బు పెట్టిన, నిమ్మకాయ రాసిన, గాసునూనె కూడ రుద్దిన. పోతలేదే. రేపు బల్ల ఆదివారం" అన్నది.

నా నోట్ల మాట కొసకొచ్చింది. ఏ పండుగ చేసుకున్నవ్ పెద్దమ్మా అని అడుగుదామనుకున్న. మా అవ్వ నా దిక్కు ఒక్క చూపు చూసింది. నోరు మూసుకున్న.

అవ్వ లేచి లోపలికి పోయింది. బకిట్ల నీళ్లు, గిన్నెల నానేసిన చింతపండు తెచ్చింది. పెద్దమ్మ ముందట పీటేసుకొని కూసొని, ఆమె కాలు అందుకున్నది.

"ఇడువు, నేను కడుక్కుంట" అని పెద్దమ్మ వంగబోయింది.

"బీపీ ఉన్నది నీకు, వంగకక్కా. కూసో" అన్నది అవ్వ. చింతపండుతోని కాలి ఏళ్ల సందులు, మడిమెలు, అరికాళ్లు మెల్లమెల్లగ రుద్దింది. నీళ్లు పచ్చగయినయి. కాళ్లు మాత్రం ఇంక పచ్చగనే ఉన్నయి. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్వవట్టింది. ఆమె ఏడ్వంగ చూసుడు నాకు గదే మొదటిసారి. ఆమె మీద నాకున్న కోపం ఎటువోయిందో ఎటువోయింది.

"గా నాడు నేను నిన్ను..." అన్నది పెద్దమ్మ.

"ఆ కాలు ఇటు పెట్టు" అన్నది అవ్వ.

రెండో కాలు కూడ కడిగి, కొంగుతోని తుడిచింది. "రేపటికైతె పోదక్కా. ఎండల నడువంగ నడువంగ అదే పోతది" అన్నది. పెద్దమ్మ సాక్సులు తొడుక్కోలే. చేతుల పట్టుకొని లేచింది. వాకిట్లకు పోయి మళ్ల తిరిగి చూసింది.

"నేనొక్కదాన్నే గిట్ల పోతే అందరు నా కాళ్లే చూస్తరు. నువ్వు రావే. నా పక్కకు మోకరించు" అన్నది. నేను అవ్వ దిక్కు చూసిన.  పెద్దమ్మ పోయింది. అవ్వ పచ్చనీళ్లు వాకిట్ల పారబోసి, బకిట బోర్లిచ్చి, ఇంట్లకచ్చి దండెం మీది తెల్లచీర దిక్కు చూసింది.

"పక్కింటోళ్ల కాడ ఇస్త్రీపెట్టె ఉన్నదా, అడుగు బిడ్డా" అన్నది. నేను ఉరికిన.

ఆ ఆదివారం చేనుకు పోయిన ఆడోళ్లు, మా అవ్వ అందరు ఒక్కకాన్నే కూసున్నరు. పిలుపు రాంగనే ఒక్క వరుసల పోయి మోకరించిన్రు. నేను పాటలు పాడేటోళ్లతోని ఎనుక వరుసల ఉన్న. తెల్లచీరెల అంచుల కింద అరికాళ్లు కనవడుతున్నయి. ఈ చివర నుంచి ఆ చివరదాక అన్ని పచ్చయే. అమ్మగారియి ఉన్నయి, పెద్దమ్మయి ఉన్నయి. మా అవ్వయి ఏవో చూద్దామని మెడ సాపిన. అందరు దగ్గర దగ్గర ఒంగి ఉన్నరు. కండ్లల్ల నీళ్లు నిండి నాకు సక్కగ కనవడలే. ఎంత చూసినా మా అవ్వ కాళ్లు ఏవో గుర్తువట్టలేకపోయిన.

గంతల మా వరుస పిలిచిన్రు. చెప్పులు ఎప్పుడో ఇడిసిన. లేచి, చీర కుచ్చిళ్లు కాళ్ల మీదికి గుంజుకోకుంటనే ముందుకు పోయి మోకరించిన.